అక్క ఏడ్చింది, నేను వయొలిన్లు లెక్కపెట్టాను

ప్రశ్న:

నాకు సినిమాలంటే ప్రాణం. అందులోనూ నేపథ్య సంగీతం అంటే మరీను. అందరూ పాటలు వింటారు, నేను రీరికార్డింగ్ వింటాను. చిన్నప్పుడు టీవీలో సినిమా వస్తుంటే, పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటూనే సంగీతాన్ని బట్టి ఏ సీన్ నడుస్తోందో చెప్పేసేదాన్ని. ఇప్పుడు నా ఫోన్‌లో ఉన్నవన్నీ బీజీఎం ఆల్బమ్‌లే. పని చేసుకుంటున్నా, నడుస్తున్నా, నిద్రపోయే ముందైనా అవే. సంగీతం నేర్చుకోలేదు, స్వరాలు తెలియవు. కానీ ఏ వాయిద్యం ఎప్పుడొచ్చిందో ఇట్టే పట్టేస్తాను.

మా అక్కా నేనూ చిన్నప్పటి నుంచి సినిమాలు కలిసే చూస్తాం. పోయిన నెల ఒక సినిమాకి వెళ్లాం. చివర్లో ఒక తండ్రి, చనిపోయిన కూతురి ఉత్తరం చదివే సీన్ ఉంది. ఆ సినిమా సంగీతం నాకు ముందే కంఠతా వచ్చు. "ఇప్పుడు సెల్లో వస్తుంది చూడు, తర్వాత వయొలిన్లు ఒక్కొక్కటిగా చేరతాయి" అని అక్క చెవిలో చెప్పాను (సెల్లో అంటే వయొలిన్ లాంటిదే, ఇంకా పెద్ద వాయిద్యం). పలకలేదు. చూస్తే ఏడుస్తోంది. బయటికొచ్చాక "నీకేమీ అనిపించలేదా?" అని అడిగింది. నిజంగానే ఏమీ అనిపించలేదు. వయొలిన్లు లెక్కపెట్టాను, అంతే. "నీతో సినిమా చూడటం పరీక్ష రాసినట్టుంటోందే" అని కూడా అంది. అప్పటి నుంచి సినిమాకి పిలిస్తే ఏదో ఒక పని ఉందంటోంది.

నా ఇష్టమే నా సినిమాని తినేసిందా? మళ్లీ అందరిలా చూడగలనా? ఇదంతా మానెయ్యాలా? సంగీతం నేర్చుకుంటే బాగుపడతానేమో అని ఒకసారి అనిపిస్తుంది. నేర్చుకుంటే ఉన్నది కూడా పోతుందేమో అని ఇంకోసారి భయమేస్తుంది.

సమాధానం:

మానెయ్యకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మీ టెన్షన్ కాస్త తగ్గుతుంది.

పక్క గదిలో కూర్చుని, తెర చూడకుండా, సంగీతం విని సీన్ చెప్పేసే పిల్లను నేను ఊహించుకున్నాను. ఆ పిల్లకి సెల్లో అంటే ఏమిటో తెలియదు. వయొలిన్లు ఎన్నో తెలియదు. కానీ ఇప్పుడు ఎవరో భయపడుతున్నారని తెలుసు, ఎవరో తిరిగొచ్చారని తెలుసు. సంగీతం వినగానే ఆమెకు మనుషులు కనిపించేవారు. మీకు ఇప్పుడు వాయిద్యాలు కనిపిస్తున్నాయి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైంది ఇదే. ఇష్టం తగ్గలేదు, తప్పూ కాదు. అది చూసే వైపు మారింది, అంతే.

ఎందుకు మారిందో మీ ఉత్తరంలోనే ఉంది. "ముందే కంఠతా వచ్చు" అన్నారు. సినిమా చూడకముందే ఆ సంగీతాన్ని పదుల సార్లు విన్నారు. పని చేసుకుంటూ విన్నారు, నడుస్తూ విన్నారు, నిద్రమత్తులో విన్నారు. ఆ తండ్రి ఎవరో, ఆ ఉత్తరంలో ఏముందో తెలియకుండానే ఆ సెల్లో మీకు అలవాటైపోయింది. తీరా ఆ తండ్రి తెర మీదికి వచ్చేసరికి మీ మనసు అతని కోసం ఎదురు చూడటం లేదు, సెల్లో కోసం చూస్తోంది. అక్క ఆ మనిషిని అప్పుడే కలిసింది, కాబట్టి అతనితో పాటు ఏడ్చింది.

మనవాళ్లు నేపథ్య సంగీతాన్ని రీరికార్డింగ్ అంటారు కదా, ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడండి. మాటలు ఒక ట్రాక్ మీద, చప్పుళ్లు ఒక ట్రాక్ మీద, సంగీతం ఇంకో ట్రాక్ మీద ఉంటే, అన్నిటినీ కలిపి ఒకే ట్రాక్‌గా మళ్లీ రికార్డు చేయడం అసలు రీరికార్డింగ్. రాను రాను మన దగ్గర ఆ పేరు సంగీతానికే స్థిరపడిపోయింది. ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. ఈ సంగీతం ఒంటరిగా బతకడానికి పుట్టింది కాదు. ఎవరో మాట్లాడుతుంటే దాని కింద, తలుపు చప్పుడైతే దాని పక్కన, ఎవరూ మాట్లాడలేని చోట కాస్త ముందుకొచ్చి నిలబడాలని పుట్టింది.

మామూలుగా జరిగేది ఇది. ఎడిటింగ్ ఒక కొలిక్కి వచ్చాక దర్శకుడూ సంగీత దర్శకుడూ కూర్చుని సినిమా మొత్తం చూస్తారు. ఏ ట్యూన్ అన్నది తర్వాత సంగతి. సంగీతం ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ అసలు ఉండకూడదు అన్నది ముందు తేల్చుకుంటారు. సెకనుకి 24 ఫ్రేములు. నటి కళ్లు ఎత్తకముందు మొదలవ్వాలా, ఎత్తాక మొదలవ్వాలా అన్నది ఆ ఫ్రేముల్లోనే తేలుతుంది. అరసెకను తేడాలో అర్థం మారిపోతుంది. కన్నీరు కనబడక ముందే వయొలిన్ వస్తే "ఏడవబోతోంది చూడండి" అని మనకు చెప్పినట్టు. కన్నీరు కనబడ్డాక వస్తే ఆమె పక్కన వెళ్లి కూర్చున్నట్టు. ఆల్బమ్‌లో ఈ తేడా వినబడదు, అక్కడ కళ్లూ లేవు, కన్నీరూ లేదు. పైగా ఆల్బమ్‌లో వచ్చే ట్రాక్ చాలాసార్లు సినిమాలో ఉన్నట్టే ఉండదు. వినడానికి బాగుండాలని రెండు మూడు బిట్లు కలుపుతారు, సీన్‌లో మధ్యలో ఆగిపోయిన దాన్ని ఇక్కడ పూర్తి చేస్తారు.

అందుకని, వాయిద్యం పేరు నాలుక మీదికి రాగానే ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ సంగీతం ఎవరి కోసం మోగుతోంది? తెర మీద ఉన్నవాళ్లలో ఎవరి పక్షాన ఉంది? ఈ ఒక్క ప్రశ్న నన్ను చాలా సినిమాల్లోకి మళ్లీ తీసుకెళ్లింది.

టాకీలు కొత్తగా వచ్చిన రోజుల్లో హాలీవుడ్‌లో ఒక అనుమానం ఉండేది. సీన్‌లో బ్యాండో రేడియోనో కనబడకుండా సంగీతం వినిపిస్తే, ఇది ఎక్కడి నుంచి వస్తోందని జనం అడుగుతారేమో అని. 1933లో 'కింగ్ కాంగ్' వచ్చింది. మ్యాక్స్ స్టైనర్ సంగీతం. టైటిల్స్ అయ్యాక కథ ఊళ్లో నడుస్తున్నంతసేపూ నేపథ్య సంగీతం ఉండదు. ఓడ పొగమంచులో కాంగ్ ఉండే దీవికి దగ్గరవుతున్నప్పుడు మొదలవుతుంది. అంటే, మనకు తెలిసిన లోకం అయిపోయింది, ఇక తెలియని లోకంలోకి వెళ్తున్నామని సంగీతమే చెబుతుంది. ఈ ఆర్కెస్ట్రా ఎక్కడుంది అని ఎవరూ అడగరు. ఓడలో ఉన్నవాళ్లతో పాటు మనమూ పొగమంచులోకి వెళ్లిపోయి ఉంటాం.

షార్క్ దాడుల సినిమా 'జాస్' మీరు చూసే ఉంటారు. 1975, స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకుడు, జాన్ విలియమ్స్ సంగీతం. రెండే స్వరాలు, ఒకదాని పక్కన ఒకటి, మెల్లగా మొదలై దగ్గరవుతున్న కొద్దీ వేగం పెరుగుతుంది. విలియమ్స్ మొదటిసారి పియానో మీద వినిపిస్తే, తమాషా చేస్తున్నాడనుకుని స్పీల్‌బర్గ్ నవ్వాడట. ఆ సంగీతానికే ఆస్కార్ వచ్చింది. షూటింగ్‌లో మర షార్క్ ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించేది. దాంతో చాలాసేపు షార్క్ తెర మీద కనబడదు. కనబడని షార్క్ బదులు ఆ రెండు స్వరాలే ఈదుతూ వస్తాయి.

ఇదంతా మీకు తెలిసే ఉంటుంది. ఈసారి ఒక్క సంగతి గమనించండి. బీచ్‌లో పోలీసు అధికారి భయంభయంగా నీళ్ల వైపు చూస్తూ కూర్చునే సీన్ ఉంది. నల్లగా ఏదో తేలుతుంది, అది ఒక పెద్దాయన టోపీ. ఒక అమ్మాయి కెవ్వుమంటుంది, తీరా చూస్తే స్నేహితుడు ఆట పట్టిస్తున్నాడు. ఈ రెండిటికీ సంగీతం లేదు. తర్వాత నిజంగా షార్క్ వస్తుంది, అప్పుడు మోగుతుంది. ఇంకా ముందుకెళ్తే, ఇద్దరు పిల్లలు అట్టముక్కతో షార్క్ రెక్క చేసి జనాన్ని పరుగులు పెట్టిస్తారు. మళ్లీ సంగీతం లేదు. అంటే ఆ సంగీతం భయపడే జనం కోసం మోగడం లేదు. అది షార్క్‌ది. షార్క్ ఉంటేనే వస్తుంది, అబద్ధం చెప్పదు. మనకు తెలియకుండానే దాన్ని నమ్మడం నేర్చుకుంటాం. అలా నమ్మించాక, సినిమా చివరి భాగంలో ఆ అధికారి పడవ వెనక చేపల ముక్కలు నీళ్లలోకి వేస్తుంటే, ఏ హెచ్చరికా లేకుండా షార్క్ తల పైకి లేస్తుంది. సంగీతం లేదు. ఇన్నాళ్లూ మనకు కాపలా కాసింది ఒక్కసారిగా చేయి వదిలేస్తుంది.

రెండు స్వరాలు వాయించినవి ఏ వాయిద్యాలు అని అడిగితే ఇవేవీ తెలియవు. ఎవరిది అని అడిగితేనే తెలుస్తాయి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చోటు చెబుతాను. 'పథేర్ పాంచాలీ', 1955, సత్యజిత్ రే. సంగీతం రవిశంకర్. ఆయనకు తీరిక లేక, ఆ సంగీతమంతా ఒకే రాత్రి కూర్చుని రికార్డు చేశారు. నేను మొదటిసారి చిన్న టీవీలో చూశాను, పక్కన ఎవరూ లేరు. తండ్రి హరిహర్ చాలాకాలం తర్వాత ఇంటికొస్తాడు. కూతురు దుర్గ జ్వరంతో చనిపోయిందని అతనికి తెలియదు. తెచ్చినవి ఒక్కొక్కటే తీసి భార్య సర్వజయకు చూపిస్తుంటాడు. చూపిస్తూ చూపిస్తూ దుర్గ కోసం తెచ్చిన చీర ఆమె చేతిలో పెడతాడు. ఆమె ఆ చీర పట్టుకుని, పళ్ల మధ్య బిగించి, కుప్పకూలిపోతుంది. నోరు తెరిచి ఏడుస్తుంది. కానీ మనకు ఆమె గొంతు వినబడదు. ఆ చోట తార్ షెహనాయ్ వినిపిస్తుంది, పై స్థాయిలో, గొంతు చించుకున్నట్టు.

అప్పుడు నేను ఏమీ గమనించలేదు. ఆ తల్లి ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను, అంతే. ఆమె గొంతు వినబడలేదని కూడా తెలియలేదు. నాకు వినబడినట్టే అనిపించింది. చాలా ఏళ్ల తర్వాత రెండోసారి చూసినప్పుడు తెలిసింది, ఆ ఏడుపు మనిషిది కాదని. తార్ షెహనాయ్ అంటే ఎస్రాజ్ అనే తీగ వాయిద్యానికి లోహపు బాకా బిగించినది. కమానుతో వాయిస్తారు, బాకా వల్ల శబ్దం పదునెక్కుతుంది. వాయించినాయన దక్షిణామోహన్ ఠాగూర్. ఇవన్నీ తెలుసుకున్నాక మూడోసారి చూశాను. ఏమైంది అనుకుంటున్నారు? మళ్లీ ఏడ్చాను. ఈసారి ఇంకాస్త ఎక్కువే. ఎందుకంటే ఆ గొంతు ఎందుకు తీసేశారో అప్పటికి అర్థమైంది. బిడ్డ పోయిన తల్లి నిజమైన ఏడుపు వినిపిస్తే మనం ఆమెను బయటి నుంచి చూస్తాం. గొంతు తీసేసి ఆ తీగ వినిపిస్తే, ఆ ఏడుపు మనలో నుంచే వస్తున్నట్టుంటుంది.

కాబట్టి మీ భయానికి నా సమాధానం ఇది: తెలుసుకోవడం వల్ల కన్నీళ్లు ఎండిపోవు. కాకపోతే వరస ముఖ్యం. ముందు ఏడవాలి, తర్వాత తెలుసుకోవాలి. మీరు తిరగేశారు. ముందు తెలుసుకుని, తర్వాత ఏడుపు కోసం చూశారు.

ఇక చేయాల్సిన పనులకి వద్దాం.

సినిమా చూడకముందు దాని ఆల్బమ్ వినకండి. ఇది మీకు కష్టమని తెలుసు, ముఖ్యంగా మీకు నచ్చిన సంగీత దర్శకుడిది విడుదలైనప్పుడు చేయి ఆగదు. అయినా ఆపండి. మొదటిసారి చూడటం అనేది ఒక్కసారే దొరుకుతుంది, దాన్ని ముందే ఖర్చు చేసుకోకండి. మొదటిసారి చూస్తున్నప్పుడు చెవికి వాయిద్యం పేరు తగిలితే దాంతో పోట్లాడకండి. "ఇది సెల్లో" అనిపిస్తుంది, అననివ్వండి. వెంటనే ఆ మనిషి మొహం చూడండి. మొహంలో ఏముందో చూడండి. కొద్దిరోజులు ఇది బలవంతంగా చేసినట్టుంటుంది, తర్వాత చెవీ కన్నూ వాటంతటవే కలుస్తాయి.

రెండోసారి మీ ఇష్టం. అప్పుడు మీ చెవి పదును మొత్తం వాడండి. నేను చేసే పద్ధతి చెబుతాను. నచ్చిన ఒక్క సీన్ తీసుకోండి, మూడు నాలుగు నిమిషాలది చాలు. మొదట శబ్దం మొత్తం తీసేసి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని వినండి. ఆ తర్వాత రెండూ కలిపి. శబ్దం లేకుండా చూసినప్పుడు నటుల మొహాల్లో మీకు కనిపించినది, సంగీతంతో చూసినప్పుడు మారిందా? కొన్ని సీన్లలో సంగీతం మొహం చెప్పిందే మళ్లీ చెబుతుంది. అది నాకు అంతగా నచ్చదు, ఎంత గొప్ప ట్యూన్ అయినా సరే. కొన్నిటిలో మొహం దాచుకున్నది చెబుతుంది. నవ్వుతూ వీడ్కోలు చెప్పే మనిషి కింద బరువైన స్వరం ఒకటి నిలబడి ఉంటుంది చూడండి, అలాంటివి. మీ నోట్‌బుక్‌లో ఇలాంటివి రాసుకోండి. వాయిద్యాల జాబితా వద్దు. "ఇతను వెళ్లనని అంటున్నాడు, సంగీతం మాత్రం అప్పుడే వెళ్లిపోయింది." ఇలా ఒక్క వాక్యం.

సంగీతం లేని చోట్ల మీద కూడా చెవి పెట్టండి. 'ది గాడ్‌ఫాదర్' (1972)లో నీనో రోటా ట్యూన్ ప్రపంచమంతా పాడుకుంది. కానీ ఆ సినిమాలో నాకు ఒళ్లు జలదరించేది సంగీతం లేని చోట. మాఫియా కుటుంబపు కుర్రాడు మైఖేల్ ఒక భోజనశాలలో ఇద్దరి ఎదురుగా కూర్చుని ఉంటాడు. కాసేపట్లో వాళ్లిద్దరినీ కాల్చబోతున్నాడు. మోత ఏమీ ఉండదు. ఎక్కడి నుంచో రైలు చప్పుడు పెరుగుతూ వస్తుంది, తెర మీద రైలు ఎక్కడా లేదు. అది అతని తలలో పరుగెడుతున్నట్టుంటుంది. కాలుస్తాడు. తుపాకీ చేతిలో నుంచి జారవిడుస్తాడు. అప్పుడు, అప్పుడు మాత్రమే ఆర్కెస్ట్రా లేస్తుంది. సంగీతం ముందే వచ్చి ఉంటే ఆ హత్య వీరోచితంగా కనిపించేది. తర్వాత రావడం వల్ల, ఈ కుర్రాడు ఇక వెనక్కి రాలేడని మనకు తెలుస్తుంది. సంగీతం ఎవరి కోసం మోగింది? చనిపోయిన ఇద్దరి కోసం కాదు. బతికి బయటికి నడిచిన వాడి కోసం.

ఎక్కడ సంగీతం పెట్టాలి అన్న దాని మీద దర్శకులకీ సంగీత దర్శకులకీ కూడా ఒక మాట కుదరదు. 'సైకో' (1960)లో స్నానాల గది హత్యకు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ అన్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా రాసుకొచ్చాడు. విన్నాక హిచ్‌కాక్ ఒప్పుకున్నాడు. సినిమా మొత్తానికీ హెర్మన్ వాడింది తీగ వాయిద్యాలే. ఇంకోపక్క 1963లో అదే హిచ్‌కాక్ 'ది బర్డ్స్' తీస్తే అందులో మామూలు అర్థంలో నేపథ్య సంగీతమే లేదు, పక్షుల అరుపులూ రెక్కల చప్పుళ్లే. వాటికి సలహాదారు మళ్లీ అదే హెర్మన్. సంగీతం కావాలని పట్టుబట్టిన మనిషే, అక్కర్లేని చోట మౌనాన్ని నిలబెట్టాడు. నాకు ఆయన మీద గౌరవం ఇక్కడే రెట్టింపైంది.

సంగీతం ఎప్పుడూ చివరే వస్తుందనీ అనుకోకండి. 'జోకర్' (2019)కి సంగీత దర్శకురాలు హిల్దుర్ గుడ్నాదొత్తిర్ స్క్రిప్టు చదివి, షూటింగ్‌కి ముందే సెల్లో మీద ఒక బిట్ చేసి పంపింది. స్నానాల గది సీన్ తీసేటప్పుడు ఏం చేయాలో తోచక, దర్శకుడు ఆ బిట్ వినిపించాడు. జోకర్ పాత్ర వేసిన వాకీన్ ఫీనిక్స్ నెమ్మదిగా కదలడం మొదలుపెట్టాడు. ఆ సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన ఆ డ్యాన్స్ అలా వచ్చింది. అతను వయొలిన్లు లెక్కపెట్టలేదు, సెల్లో ఏ స్థాయిలో ఉందో చూడలేదు. వింటూ వింటూ ఆ మనిషైపోయాడు. మీ చెవి ఇష్టపడే సెల్లోనే అది కూడా.

నేర్చుకోవడం గురించి అడిగారు. నేర్చుకోవాలనిపిస్తే నిశ్చింతగా నేర్చుకోండి, ఏ వాయిద్యమైనా సరే. రవిశంకర్, విలాయత్ ఖాన్, అలీ అక్బర్ ఖాన్ లాంటి ఉద్దండులతో పనిచేసిన సత్యజిత్ రే 1961లో 'తీన్ కన్య' నుంచి తన సినిమాలకు తానే సంగీతం చేసుకున్నాడు. సంగీతం తెలిసినందువల్ల ఆయన సినిమాల్లో మనుషులు తగ్గిపోలేదు. అయితే మీ సమస్యకు మందు మాత్రం అది కాదు. నేర్చుకోకపోయినా ఏ లోటూ లేదు. మీ ఇష్టం చిన్నదనీ అనుకోవద్దు. 2009 సినిమాలకు ఇచ్చిన 57వ జాతీయ అవార్డుల్లో పాటలకు ఒకటి, నేపథ్య సంగీతానికి ఒకటి విడివిడిగా ఇచ్చారు. నేపథ్య సంగీతానికి 'పళశ్శి రాజా'కు గాను ఇళయరాజా అందుకున్నారు. మీరు విడిగా వింటున్నది, విడిగా గుర్తింపు పొందిన కళే.

ఇక అక్క సంగతి. నేను ఇంతసేపూ రాసిందంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

"నీకేమీ అనిపించలేదా?" అని ఆమె అడిగింది కదా, మీకు అది నింద లాగా వినబడినట్టుంది. నాకు అలా వినబడలేదు. చిన్నప్పటి నుంచి పక్క సీట్లో కూర్చున్న చెల్లెలు ఈసారి తనతో పాటు లేదని ఆమెకు తెలిసింది. వెతుక్కుంది. పరీక్ష అన్నది కూడా అందుకే. పక్కన కూర్చున్నవాళ్లు "ఇప్పుడు ఇది వస్తుంది చూడు" అంటే, అది రాకముందే దానికి తగ్గట్టు స్పందించాల్సి వస్తుంది. మీకు బాగా నచ్చినది ఆమెకీ నచ్చాలన్న ఆరాటంతోనే చెప్పారు, నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు ఆప్తుల చెవిలో అలాగే గుసగుసలాడేవాణ్ని. ఎదుటివాళ్లు ఆ క్షణం పోగొట్టుకుంటున్నారని చాలా ఆలస్యంగా గ్రహించాను. హాల్లో చెప్పే మాట ఎంత మంచిదైనా అక్కడ దానికి చోటు లేదు. బయటికొచ్చాక బోలెడంత చోటుంది.

అక్కకి ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టకండి, ఫోనే చేయండి. "ఆ రోజు నువ్వు ఏడుస్తుంటే నేను నీతో లేను అక్కా, నాకూ బాధగానే ఉంది" అని చెప్పండి. ఇంకేం వివరించక్కర్లేదు. ఆ సెల్లో ఎందుకు గొప్పదో ఆ ఫోన్‌లో అస్సలు చెప్పకండి.

తర్వాత ఇద్దరూ ఇంట్లో కూర్చుని 'పుష్పక విమానం' చూడండి. 1987, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, ఎల్. వైద్యనాథన్ సంగీతం. ఒక్క డైలాగూ లేని సినిమా. చూసి ఉంటే మళ్లీ చూడండి. మాటలు లేవు కాబట్టి చప్పుళ్లూ సంగీతమే మనుషుల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటాయి. అక్కకి ఏమీ చెప్పకుండానే ఆమె చెవి మీ చెవి పక్కకి వచ్చి చేరుతుంది. మధ్యలో మీరు ఒక్క మాట మాట్లాడొద్దు. ఆమె మాట్లాడితే మాత్రం వినండి.

అయిపోయాక మీరు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "నీకు ఎక్కడ బాగా తగిలింది?" ఆమె ఏదో ఒక చోటు చెబుతుంది. బహుశా మీరు గొప్పదనుకున్న చోటు అయి ఉండదు. అప్పుడు ఆ చోటుకి వెనక్కి వెళ్లి, ఇద్దరూ కలిసి వినండి. ఎక్కడ తగిలిందో ఆమెకు తెలుసు. అక్కడ చెవికి ఏం జరిగిందో మీరు కనిపెట్టగలరు. మీ ఇద్దరిలో ఏ ఒక్కరికీ ఆ రెండూ లేవు. ఇప్పటిదాకా మీరు ఆమెకు దారి చూపించాలనుకున్నారు. కొన్నాళ్లు ఆమె వెనక నడవండి. ఆమె ఏడ్చిన చోటల్లా మీకు ఒక గుర్తు పెట్టి ఇచ్చినట్టే.

అన్నిటికన్నా చివర, ఆ తండ్రీ ఉత్తరం సినిమా. దాన్ని ఇప్పుడే చూడకండి. ఆ ఆల్బమ్‌ని ఫోన్‌లో నుంచి తీసేయక్కర్లేదు గానీ, ఒక మూడు నెలలు ముట్టుకోకండి. ట్యూన్ కాస్త మరుగున పడనివ్వండి. ఆ తర్వాత అక్కని అడిగి, ఆమె సరేనంటే కలిసి చూడండి. ఉత్తరం విప్పగానే సెల్లో గుర్తొస్తుంది, తప్పదు. అప్పుడు ఆ తండ్రి చేతులు చూడండి. ఏ వాక్యం దగ్గర ఆగిపోతాడో చూడండి. సెల్లో అతని కోసం మోగుతోందా, లేక ఉత్తరం రాసిన ఆ పిల్ల కోసమా? ఆమె ఇక అక్కడ లేదు కదా, ఆమె గొంతు మనకు ఇంకెలా వినబడుతుంది? నాకైతే ఆ సినిమా ఏదో తెలియదు, మీరు పేరు రాయలేదు. చూశాక ఆ పేరూ, అక్క ఏ చోటు చెప్పిందో అదీ నాకు రాయండి. సెల్లో సరిగ్గా ఆ చోటే మొదలైందా, ఒక్క క్షణం ముందే మొదలైందా, నేనూ విని చూడాలి.